జలమాన మహనీయుడు రాల్ఫ్ పార్షల్

లోకమున కొలతకు సులభముగా లొంగని వస్తువులలో ప్రవహించు నీరు మొదటిది. ధాన్యమును కుంచముతో కొలుతుము. భూమిని గొలుసుతో కొలుతుము. బంగారమును త్రాసున తూతుము. ఇవి యన్నియు కొలుచువాని ముందు కదలక నిలుచును. కాలువలోని నీరట్లు నిలువదు. నిలిపి కొలిచితిమా, అది చెరువగును గాని కాలువ కాదు. నడచు నీటిని దాని నడకకు భంగము లేకుండ కొలుచుట ఎట్లు? ఈ ప్రశ్న నేటిది కాదు, వేల సంవత్సరములనాటిది.

కౌటిల్యుని అర్థశాస్త్రమున చేతితో ఎత్తిపోసిన నీటికి పంటలో ఐదవ పాలును, భుజములపై మోసి తెచ్చిన నీటికి నాలుగవ పాలును, యంత్రముచే కాలువగా పారించిన నీటికి మూడవ పాలును పన్నుగా విధింపబడినది. నీరు వచ్చిన విధమునుబట్టి పన్నే గాని పారిన నీటి పరిమాణమునుబట్టి కాదు. రోమా నగరమున క్రీ.శ. 97లో జలాధికారియైన ఫ్రంటైనస్ గొట్టముల నోటి వైశాల్యమునుబట్టి నీటిని లెక్కించి, వచ్చిన నీటికిని పంచిన నీటికిని పొంతన కుదరక చిక్కుపడెను. వేగము హెచ్చినచో నీరు హెచ్చునని ఆయన ఎరుగకపోలేదు. దానిని లెక్కలో చేర్చు సాధనము ఆనాడు లేకుండెను.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాయుమని సంపాదక మిత్రులు నన్ను కోరినప్పుడు, రాజుల చరిత్రలును కవుల చరిత్రలును ఇతరులు నాకంటె బాగుగ వ్రాయగలరని తోచినది. నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. కావున ప్రవహించు నీటికి నమ్మదగిన లెక్కను సమకూర్చిన ఒక ఇంజనీరు చరిత్రను ఎన్నుకొంటిని. ఆయన మన దేశీయుడు కాడు. అయినను కాలువ క్రింద సేద్యము చేయు ప్రతి రైతునకును ఆయన ఆప్తుడే. ఆయన పేరు రాల్ఫ్ లిరాయ్ పార్షల్.

ఆయనయందు నాకు గౌరవము కలుగుటకు ఒక కారణము కలదు. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో కాలువలోని కొలబద్దపై నీటి మట్టము చూచి నీరు నిండుగా పారుచున్నదని లెక్కలో వ్రాసితిని. మరునాడు శివారు భూముల రైతు ఒకడు వచ్చి, ఏమియు అనక, నన్ను తన చేనికి తీసికొనిపోయెను. చేను నెర్రెలు విచ్చియుండెను. తిరిగివచ్చి చూడగా, కొలబద్దకు దిగువను తూటికాడయు నాచును పెరిగి కాలువకు అడ్డుపడియుండెను. నీరు నిండుగా నిలిచినది గాని నిండుగా నడువలేదు. నేను లోతును చూచితిని, ప్రవాహమని వ్రాసితిని. ఆ తప్పు నాది. ఎగువ మట్టము మాత్రమే చూచి వ్రాసిన లెక్క దిగువవానికి అన్యాయము చేయునని నాకు ఆ దినమున తెలిసినది. అదే సత్యమును శాస్త్రముగ నిరూపించి, దానికి పరిహారమును గూడ చూపినవాడు పార్షల్ అని పిమ్మట గ్రంథపఠనమువలన గ్రహించితిని.

అమెరికా దేశమున కొలరాడో రాష్ట్రము కలదు. ఉత్తుంగమైన రాకీ పర్వతములు ఒకవైపు, వాని పాదములనుండి తూర్పునకు వ్యాపించిన మైదానము మరియొకవైపు. ఆ పర్వతపాదముననున్న గోల్డెన్ అను పట్టణమున 1881వ సంవత్సరమున పార్షల్ జన్మించెను. ఆ మైదానమున ఏటికి కురియు వాన సుమారు 15 అంగుళములు మాత్రమే. వానను నమ్మిన పైరు అచ్చట పండుట అరుదు. శీతకాలమున కొండలపై పడిన మంచు వేసవిలో కరగి నదులుగా దిగివచ్చును. ఆ నదులకు కాలువలు త్రవ్వి నీరు పారించుకొన్నవాడే అచ్చట రైతు.

అట్టి సీమలో నీటికొరకు తగవులు పుట్టుటలో వింత యేమున్నది? పార్షల్ జన్మించుటకు ఏడేండ్లు ముందు, 1874లో, కాష్ ల పూడర్ అను నది క్రింద అట్టి తగవు ఒకటి చెలరేగెను. దిగువనున్న గ్రీలీ గ్రామస్థులు 1870లో వచ్చి కాలువలు త్రవ్వి సేద్యము సాగించిరి. తరువాత వచ్చినవారు ఎగువను, ఫోర్ట్ కాలిన్స్ చెంత, క్రొత్త కాలువలు త్రవ్విరి. వానలు లేని ఆ యేట ఎగువవారు నీటిని మళ్లించుకొనగా దిగువవారి కాలువలు ఎండిపోయెను. ఉభయులును ఒక పాఠశాలలో సమావేశమై వాదించుకొనిరి. ఎవరు ముందుగా నీటిని వాడుకొనిరో వారి హక్కు ముందని 1876నాటి కొలరాడో రాజ్యాంగము నిర్ణయించెను.

న్యాయసూత్రము ఏర్పడినది. కాని సూత్రమును అమలు జరుపుట ఎట్లు? ఫలానా కాలువకు ఇన్ని ఘనపుటడుగులు అని తీర్పు వ్రాయవచ్చును. కాలువగట్టున నిలిచినవానికి అంత నీరే పారుచున్నదని తెలియుట ఎట్లు? కొలత లేని హక్కు కాగితముపై వ్రాసిన నీరు వంటిది. దానితో ఒక్క మడియు తడవదు. పార్షల్ జీవితకార్యమునకు మూలము ఇచ్చటనున్నది.

పార్షల్ ఫోర్ట్ కాలిన్స్ నందలి కొలరాడో వ్యవసాయ కళాశాలలో విద్యనభ్యసించి 1904లో పట్టభద్రుడయ్యెను. కొంతకాలమునకు అదే కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. అచ్చట నీటి ప్రవాహమును పరిశోధించుటకు ఒక ప్రయోగశాల నిర్మింపబడినప్పుడు దాని రూపకల్పనలో ఆయన పాలుగొనెను. 1913లో అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖలో నీటిపారుదల పరిశోధకుడుగా చేరెను. ఉద్యోగము మారినను ఊరు మారలేదు. తగవు పుట్టిన ఆ నది చెంతనే ఆయన తన పరిశోధన సాగించెను.

అప్పటికి కాలువలలో నీటిని కొలుచుటకు ఎక్కువగా వాడబడు సాధనము కొలత అలుగు. కాలువకు అడ్డముగా పలకను నిలిపి, దాని పైభాగమున కొలిచి కోసిన గండినుండి నీటిని దూకించుట దాని పద్ధతి. గండిపై ఎంత లోతు నీరు నిలిచినదో చూచినచో ఎంత నీరు పారుచున్నదో పట్టికవలన తెలియును. మంచి పద్ధతియే. కాని దానికి రెండు లోపములు కలవు. నీరు పలకమీదనుండి స్వేచ్ఛగా దూకవలెను. అందుకు తగినంత పల్లము కావలెను. మైదానపు కాలువలకు అంత పల్లము ఎక్కడిది? దిగువ మట్టము పెరిగి అలుగును ముంచినచో పట్టిక చెప్పు లెక్క తప్పగును. ఇది మొదటి లోపము. పలక వెనుక నీరు నెమ్మదించుటచే ఒండ్రు మేటవేయును. మేటవేసినకొలది నీటి నడక మారి లెక్క మారును. ఇది రెండవ లోపము.

ఈ లోపములను తొలగింపవలెనని అదే ప్రయోగశాలలోని కోన్ అను ఇంజనీరు 1915 ప్రాంతమున ఒక నూతన కట్టడమును పరీక్షించెను. ఇటలీ దేశీయుడగు వెంచూరి అను శాస్త్రజ్ఞుడు, ఇరుకైన చోట ద్రవము వేగము పెరిగి ఒత్తిడి తగ్గునని 1797లో వివరించెను. దానిని ఆధారము చేసికొని 1887లో హెర్షెల్ అను అమెరికా ఇంజనీరు గొట్టములలోని నీటిని కొలుచు సాధనమును నిర్మించెను. కోన్ ఆ సూత్రమును గొట్టమునుండి కాలువకు తెచ్చెను. కాలువ గోడలను దగ్గరకు తెచ్చి, ఇరుకైన గొంతునుండి నీటిని పోనిచ్చి, మరల వెడల్పు చేసెను. అడ్డు పలక లేదు గనుక మేట పట్టదు. ఎక్కువ పల్లమును అక్కరలేదు. ఆ కట్టడమునకు వెంచూరి ఫ్లూమ్ అని పేరిడిరి. దాని అడుగు మాత్రము ఆద్యంతము సమతలముగ నుండెను.

పార్షల్ ఈ పనిని చేపట్టి ఏండ్ల తరబడి దానిని శోధించెను. 1922 నాటికి ఆయన చేసిన మార్పులు చూచుటకు చిన్నవి, ఫలమున పెద్దవి. గోడలు దగ్గరకు వచ్చు కోణమును మార్చెను. గొంతును పొడిగించెను. గోడలు విచ్చుకొను కోణమును తగ్గించెను. అన్నిటికంటె ముఖ్యముగా గొంతు అడుగును వాలుగా చేసెను. ఒక అడుగునుండి 8 అడుగుల గొంతు వెడల్పు గల కట్టడములలో గొంతు పొడవు 2 అడుగులు. ఆ రెండడుగులలో అడుగుభాగము 9 అంగుళములు దిగును. పిమ్మట 3 అడుగుల పొడవున 6 అంగుళములు మరల ఎక్కును. పైనుండి చూచినచో ఢమరుకమువలె నడుమ సన్నమై ఇరువైపుల విశాలముగ నుండును. ప్రక్కనుండి చూచినచో నడుమ పల్లమున్నట్లు కనబడును.

ఆ వాలువలన కలిగిన మేలు ఏమి? ఇరుకునబడిన నీరు వాలుపై దిగునప్పుడు తనలో పుట్టు అలల వేగమును మించి పరుగెత్తును. అప్పుడు దిగువను కలిగిన కలత ఎగువకు ఎక్కి రాజాలదు. కావున ఎగువను, గొంతునకు ముందు, నిర్ణీత స్థలమున ఒక్క లోతును కొలిచినచో చాలును. పారు నీటి పరిమాణము తెలియును. ఒక అడుగు గొంతు గల కట్టడమున ఎగువ లోతు ఒక అడుగైనచో సెకనుకు 4 ఘనపుటడుగుల నీరు పారును. లోతు 2 అడుగులైనచో 8 ఘనపుటడుగులని తొందరపడి చెప్పరాదు. పదకొండున్నరకు చేరువగ నుండును. లోతుతోపాటు వేగమును పెరుగుటయే దానికి హేతువు.

ఇక దిగువ మట్టము పెరిగినచో ఏమగును? ఇచ్చటనే పార్షల్ బుద్ధి విశేషము వెల్లడియగుచున్నది. మునకను ఆయన చూచీ చూడనట్లు విడువలేదు. గొంతు చివర రెండవ కొలబద్దను ఏర్పరచెను. రెండు బద్దల సున్నయు గొంతు మొదటి అడుగు మట్టమునకే సరిపెట్టబడును. దిగువ లోతు ఎగువ లోతులో నూటికి ఎన్ని వంతులో అదియే మునక పాలు. ఒక అడుగునుండి 8 అడుగుల గొంతు గల కట్టడములలో ఈ పాలు నూటికి 70 దాటువరకు దిగువ నీటిని లెక్కింప పనిలేదు. 10 అడుగులు మొదలు 50 అడుగులవరకు గల పెద్ద కట్టడములలో ఆ హద్దు నూటికి 80. 6 అంగుళములు, 9 అంగుళములు గల చిన్నవానిలో 60. మూడంగుళములు, అంతకు తక్కువైనవానిలో 50. కొలత అలుగు కొద్ది మునకకే తడబడుచుండగా, ఇది ఇంత మునకను ఓర్చుకొనును. అంతియగాక, అలుగునకు కావలసిన పల్లములో సుమారు నాలుగవ వంతు దీనికి చాలును.

హద్దు దాటినచో లెక్క చెడునా? చెడదు. రెండు బద్దలను చదివి, స్వేచ్ఛా ప్రవాహపు లెక్కనుండి కొంత తీసివేయవలెను. ఎంత తీసివేయవలెనో పార్షల్ ప్రయోగములవలన నిర్ణయించి పటములుగ వ్రాసిపెట్టెను. ఉదాహరణము చూడుడు. ఒక అడుగు గొంతు. ఎగువ లోతు ఒక అడుగు. దిగువ లోతు ఒక అడుగులో పదింట తొమ్మిది పాళ్లు. ఎగువ బద్ద మాత్రమే చూచినవాడు 4 ఘనపుటడుగులని వ్రాయును. నిజముగ పారునది సుమారు 3 మాత్రమే. నాలుగింట ఒక పాలు నీరు కాగితముపై పారినది, పొలమునకు చేరలేదు. ఆ లేని నీటికి ఎవ్వరు బాధ్యులు? ఎగువ అధికారి పుస్తకమున నీరిచ్చితినని యుండును; దిగువ రైతు తనకు రాలేదనును; ఇరువురును సత్యమే పలుకుచున్నామని నమ్ముదురు. రెండవ బద్ద ఉన్నచో ఆ తగవే పుట్టదు. మునక నూటికి 95 దాటినప్పుడు మాత్రము ఈ లెక్కను నమ్మరాదు. అప్పుడు కాలువను శుభ్రపరచుటయో, కట్టడమును కొంత మెరక చేయుటయో కర్తవ్యము.

ఈ పట్టికలు ఊహవలన పుట్టినవి కావు. ఫోర్ట్ కాలిన్స్ ప్రయోగశాలలోను, ఆ సమీపమున బెల్వ్యూ వద్దనున్న ప్రయోగస్థలమునందును, వేరొక విధమున సరిగా కొలిచిన నీటిని ఈ కట్టడముల గుండ పంపి, లోతులు చూచి, వ్రాసి, మరల పంపి, మరల చూచి ఆయన వీనిని సాధించెను. నా బోటి లెక్కల మనిషికి ఆ శ్రమ విలువ తెలియును. ఒక్కొక్క అంకె వెనుక ఎన్ని దినములు గడచియుండునో! 1926లో అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘము వారి గ్రంథమున ఆయన తన పరిశోధనను ప్రకటించెను. 1928లో రైతులకును కాలువ ఉద్యోగులకును ఉపయోగపడునట్లు వ్యవసాయ ప్రయోగ కేంద్రము పక్షమున ఒక గ్రంథము వెలువడెను. తన కట్టడమునకు ఆయన తన పేరు పెట్టుకొనలేదు. మెరుగుపరచిన వెంచూరి ఫ్లూమ్ అనియే వ్యవహరించెను. 1929లో ఇంజనీర్ల సంఘము వారే దానికి పార్షల్ ఫ్లూమ్ అని నామకరణము చేసిరి. నాటినుండి ఆ పేరే స్థిరపడినది.

ఆయన అంతటితో విశ్రమింపలేదు. పెద్ద కాలువలకు తగిన కట్టడములను గూర్చి 1932లో మరియొక గ్రంథము ప్రకటించెను. ఒక అంగుళపు గొంతునుండి 50 అడుగుల గొంతువరకు కట్టడములు ఏర్పడినవి. చిన్నది తోటకు పారు సన్నని ధారను కొలుచును. పెద్దది సెకనుకు 3,000 ఘనపుటడుగుల ప్రవాహమును కొలుచును. కాలువలలోని ఇసుకను వేరుపరచి వెలికి పంపు సాధనములను గూడ ఆయన పరిశోధించెను. 1930ల దశకమున కొండలపై పేరుకొన్న మంచును శీతకాలముననే కొలిచి, రాబోవు వేసవిలో నదులకు ఎంత నీరు వచ్చునో ముందుగా తెలుపు కార్యమునకు కొలరాడోలో నాయకత్వము వహించెను. కాలువలో నడచు నీటిని కొలిచినవాడే కొండపై ఘనీభవించిన నీటిని గూడ కొలిచెనన్నమాట. 1950లో, ఆయన డెబ్బదవ యేడు సమీపించినప్పుడు, పార్షల్ ఫ్లూములతోను చిన్న అలుగులతోను నీటిని కొలుచు పద్ధతిని సులభముగ బోధించు పుస్తకమును వ్యవసాయ శాఖ ప్రచురించెను. 1959వ సంవత్సరాంతమున ఆ మహాశయుడు దివంగతుడయ్యెను.

ఆయన గతించిన పిమ్మట ఆయన కృషి వృద్ధినొందినదే గాని క్షీణింపలేదు. సేద్యపు కాలువలకై పుట్టిన ఈ కట్టడము నగరముల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రములలోను, కర్మాగారముల కాలువలలోను స్థానము సంపాదించెను. 1992లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ దీనికి ప్రమాణములను ప్రకటించెను. దోషములు లేవని కాదు. కొలతలలో ఏ మాత్రము మార్పు చేసినను పట్టిక పనికిరాదు. పునాది క్రుంగి అడుగు వాలినచో లెక్కయు వాలును. ఆ తరువాత నిర్మాణమున ఇంతకంటె సులభమైన సాధనములును వెలువడినవి. కాని మునిగిన ప్రవాహమునకు గూడ లెక్క కలదని కాలువగట్టున నిలిచిన సామాన్యునకు చూపిన కీర్తి పార్షల్ నుండి తొలగదు.

చదువరులారా! మన గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలకును ఆ కొలరాడో మైదానపు కాలువలకును ఒక పోలిక కలదు. పల్లము తక్కువ, ఆశ ఎక్కువ, చివరివాని చూపు ఎప్పుడును ఎగువకే. 1997లో ఆంధ్రప్రదేశమున నీటి వినియోగదారుల సంఘములకు చట్టము ఏర్పడినప్పుడు నీటి పంపకమున రైతులకు పాత్ర లభించెను. పంపకమున పాత్ర ఉన్నవానికి కొలతయందు జ్ఞానము ఉండవలదా? ఒక బద్దను చూచి మాటాడువాడు తగవు పెంచును. రెండు బద్దలను చూచి మాటాడువాడు తగవు తీర్చును. ఇది నీటి విషయముననే గాక సకల వ్యవహారములయందును చెల్లు న్యాయమని నా విశ్వాసము.

పార్షల్ చదివి, బోధించి, పరిశోధించిన ఆ కళాశాల 1957లో విశ్వవిద్యాలయమయ్యెను. ఆయన వ్రాతపత్రములు ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయముననే భద్రపరుపబడినవి. ఎన్నడో ఒక కాలువగట్టున వ్రాసికొన్న అంకెలను ఒక గ్రంథాలయము కాపాడుచున్నది. వేల మైళ్ల దూరముననున్న మరియొక చిన్న గ్రంథాలయమున ఒక గ్రామ లెక్కరి ఆయన పనిని చదివి తన తప్పును దిద్దుకొన్నాడు. గ్రంథాలయముల ప్రయోజనమునకు ఇంతకంటె వేరు దృష్టాంతము నాకు తోచదు. ఇరువది యైదేండ్లుగ మన ఊరికి జ్ఞానజలమును పారించుచున్న ఈ సంస్థ నిండుగ నిలుచుటయేగాక నిండుగ నడచి, శివారు ఇంటివరకు చేరుగాక!